అద్దె ఇంటితో వచ్చిన బాకీలు

గూడూరులో పనిచేసినన్నాళ్లూ మా ఆయన తిరుపతికి బదిలీ కోసం తిరిగాడు. ఆఫీసులో పెట్టుకున్న అర్జీలు ఏవీ కదల్లేదు. చివరికి తలనీలాలు ఇస్తానని కొండకు మొక్కుకున్నాడు. ఆర్డరు వచ్చింది. అది అర్జీల వల్ల వచ్చిందో మొక్కు వల్ల వచ్చిందో తేల్చుకునే ధైర్యం మాకు లేదు. అందుకని తిరుపతిలో రైలు దిగి, సామాను అద్దె ఇంట్లో పడేసి, మర్నాడే కొండకు పోయి గుండు చేయించుకుని వచ్చాడు. మాకు పెళ్ళయి అప్పటికి ఏడాది. డెబ్భైల చివరి రోజులవి.

ఇల్లు ఆఫీసులో ఒకాయన చూసిపెట్టాడు. రైలుస్టేషన్ వెనక సందులో, ఓనరమ్మ ఉండే ఇంటికి వెనక భాగం. రెండు గదులు, వంటకు ఒక చిన్న వసారా, పెరట్లో బావి, బావి పక్కన పెద్ద రుబ్బురోలు. అద్దె మేము అనుకున్నదానికంటే తక్కువ. అదృష్టం అనుకున్నాం. అడ్వాన్సు మాత్రం ఆరు నెలలది కావాలంది ఓనరమ్మ. పక్కింటివాళ్ళు ఇచ్చింది రెండు నెలలదేనని తర్వాత తెలిసింది. గూడూరులో దాచుకున్నదంతా, పెళ్ళిలో నాకు వచ్చిన చదివింపులతో సహా, ఆ అడ్వాన్సుకే పోయింది, చాలనిదానికి ఆఫీసులో అప్పు చేశాం.

కొండనుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే మా ఆయన పెరట్లో నిలబడి పళ్ళు తోముకుంటున్నాడు. ఓనరమ్మకు పాలు పోయడానికి వచ్చిన పాలామె సందులోంచి ఆయన్ని చూసి ఆగిపోయింది. నెత్తిమీది క్యాను దించి కింద పెట్టింది. కొంగు నడుముకు బిగించింది.

"ఓ సామీ! వచ్చినావా? గుండు కొట్టించుకుంటే గుర్తుపట్టలేననుకున్నావా? పోయేటప్పుడు గూడా గుండుతోనే గదా పోయినావు!"

మా ఆయన నోటినిండా పళ్ళపొడి నురగ. ఉమ్మడానికి అటూ ఇటూ చూశాడు. ఆ చూపు పారిపోవడానికి దారి వెతుకుతున్నట్టు ఉందట. నేను చూసినా అట్లాగే అనుకునేదాన్ని.

"మాట్లాడవేం సామీ? పాలు తాగేటప్పుడు తెరిసిన నోరు ఇప్పుడు తెరుసుకోదా?"

గొడవ విని నేను బయటికి వచ్చాను. పాలామె నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"నువ్వెవురమ్మా?"

"ఆయన భార్యను."

"అట్లనా? మరి ముందరామె ఏమాయ?"

పెళ్ళయిన ఏడాదికి, కొత్త ఊళ్ళో, మూడో రోజే, కాఫీ తాగకముందు ఒక ఆడమనిషి వినకూడని ప్రశ్న అది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నురగ మింగేశాడు.

అప్పుడు ఓనరమ్మ వచ్చి సంగతి చెప్పింది. మాకు ముందు ఆ ఇంట్లో ఇంకో గుమస్తా ఉండేవాడట. ఆయనా గవర్నమెంటు ఉద్యోగే, ఆయనకూ కళ్ళద్దాలే. పాలకు బాకీ, అంగడికి బాకీ, మూడు నెలల అద్దె బాకీ. వారం ముందే తానొక్కడే కొండకు పోయి గుండు చేయించుకుని వచ్చి, ఒక మధ్యాహ్నం పెళ్ళాంబిడ్డలతో మళ్ళీ కొండకు పోయొస్తామని బయలుదేరి తిరిగి రాలేదు. బావి దగ్గరి చేంతాడు కూడా తీసుకుపోయారు. తమ రుబ్బురోలు మాత్రం మోయలేక వదిలేశారు. ఓనరమ్మ ఆ రోజుల్లో చిత్తూరులో కూతురి దగ్గర ఉండేది. అద్దె ఆమె తమ్ముడు వసూలు చేసేవాడు, అతను ఇప్పుడు ఊళ్ళో లేడు. కాబట్టి ఆ మనిషిని ఆమె సరిగ్గా చూడనే లేదు.

"ఈయన ఆయన కాదులేవే," అంది ఓనరమ్మ పాలామెతో. కానీ గట్టిగా అనలేదు. మా ఆయన గుండు వైపు ఒకసారి చూసి, "ఆయనకు తమ్ముడేమైనా అవుతాడేమో," అని కూడా అంది.

వీధిలో ఎవరినడిగినా అంతే. బాకీలున్న మనిషి నలుగురికీ కనపడటం తక్కువ కదా. పాలామె వచ్చే వేళకు ఆయన లోపల పడుకుని ఉండేవాడట, గిన్నె పట్టుకుని భార్య వచ్చేదట. అంగడికీ ఆమే పోయేదట. అందరి తలలోనూ మిగిలింది ఒక గుండు, ఒక జత కళ్ళద్దాలు. ఆ రెండూ మా ఆయన దగ్గర సిద్ధంగా ఉన్నాయి.

సందు మొదట్లో ఉన్న అంగడికి నేనే పోయాను. కందిపప్పు, చింతపండు, బెల్లం పొట్లాలు కట్టి, అంగడాయన మర్యాదగా అడిగాడు.

"ఏ ఇంట్లోకి దిగినారమ్మా?"

చెప్పాను. ఆయన బెల్లం పొట్లం విప్పి, ముక్కను మళ్ళీ డబ్బాలో వేశాడు. పప్పు పొట్లం మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"దుడ్డు తెచ్చినావా తల్లీ?"

గూడూరులో మా నాయన నిమ్మకాయల వ్యాపారం చేసేవాడు. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర కుదుర్చుకుంటే చాలు, మాట మీద బస్తాలు రైలెక్కేవి, డబ్బు నెలకో రెండు నెలలకో వచ్చేది. మా ఇంట్లో ఎవరినీ ఎవరూ ముందు డబ్బు అడగలేదు. అట్లాంటి ఇంట్లో పుట్టినదాన్ని, పావుకిలో పప్పు దగ్గర నిలబడి కొంగుముడి విప్పుతుంటే చెవులు కాలిపోయాయి.

పేరు చెడితే ఎంత ఖర్చో అప్పుడు తెలిసింది. తక్కినవాళ్ళకు నెలాఖరున లెక్క, మాకు రోజూ లెక్క. జీతం రాగానే నెల సరుకులు తెచ్చుకుందామంటే అడ్వాన్సు కోసం ఆఫీసులో చేసిన అప్పు జీతంలోంచి పోయేది. మిగిలినదాంతో పావుకిలో, నూరు గ్రాములు కొనుక్కునేవాళ్ళం. చిన్న పొట్లాల్లో కొంటే ధర ఎక్కువ, తూకం తక్కువ. పాలామె ముందు నా అరచేతిలో చిల్లర చూసేది, తర్వాతే క్యాను మూత తీసేది. అదీ అందరికీ పోసి వచ్చాక, అడుగున మిగిలినవి. వాటిలో నీళ్ళ పాలు కొంచెం ఎక్కువే. అడిగితే, "దినదినమూ దుడ్డిచ్చేటోళ్ళకు ఇట్లనే ఉంటాదమ్మా. నెల లెక్క వాడికెవాళ్ళకు మంచియి పోయాల గదా," అనేది. డబ్బు చేతిలో పెట్టేవాళ్ళకు నీళ్ళు, పెట్టనివాళ్ళకు చిక్కటి పాలు. ఇది ఏ న్యాయమో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

మా ఆయన గుమస్తా కదా. ఆయనకు కాగితం మీద గురి. బదిలీ ఆర్డరు, గూడూరు రేషన్ కార్డు, ఎస్సెల్సీ సర్టిఫికెట్టు తీసుకుని నకళ్ళు రాయించి, పెద్ద అధికారి చేత పచ్చ ఇంకుతో సంతకం పెట్టించి, ఒక ఆదివారం పొద్దున పాలామె ముందు పరిచాడు.

"చూడమ్మా. ఫలానా తేదీ వరకు నేను గూడూరులో ఉద్యోగం చేశాను. నీకు బాకీ పడ్డ మనిషి ఆ తేదీలో ఇక్కడ ఉన్నాడు. ఒక మనిషి రెండు ఊళ్ళలో ఉండలేడు కదా."

పాలామె వంగి పచ్చ ఇంకును శ్రద్ధగా చూసింది.

"బాగుండాది సామీ," అంది. "పోయినసారి గూడా ఇట్లనే ముందరామె చేత ఏందో కాయితం పంపిచ్చినావు. దాంట్లో ఇంకు ఊదారంగు."

ఇక మిగిలిన ఆశ జుట్టు. జుట్టు పెరిగితే ఆ మనిషి కాదని వాళ్ళకే తెలుస్తుందని మేమిద్దరం ఎదురుచూశాం. నేను రోజూ కొబ్బరినూనె రాసేదాన్ని. పాలామె కూడా ఎదురుచూసింది. పొద్దున్నే వచ్చి, "ఏదీ, వంగు సామీ," అని తల పరీక్షించేది. పంట చూసుకుంటున్న రైతులాగా వేలితో తడిమి, "ఇంగా రావాల. ఆయనకు ముందర పక్క సుడి ఉండేదని వాళ్ళామె సెప్పింది," అనేది.

జుట్టు వచ్చింది. ముందరవైపు సుడి కూడా వచ్చింది. ఆ సుడి మా ఆయనకు పుట్టినప్పటినుంచీ ఉంది, మా అత్తగారు దానికి ఆముదం రాసి రాసి అలసిపోయింది. ఆ సంగతి పాలామెకు ఎవరు చెప్పాలి? ఆమె సందులో అందరినీ పిలిచి చూపించింది.

"సుడి ఉండాది సూడండి!"

ఆ రోజు మా ఆయన ఆఫీసుకు టోపీ పెట్టుకుని పోయాడు.

నాకు కుట్టుపని వచ్చు. గూడూరులో నేర్చుకున్నాను. ఒక మిషను ఉంటే జాకెట్లు కుట్టి ఇల్లు కొంచెం తేరుకునేలా చేయొచ్చని నా ఆశ. గాంధీరోడ్డులో ఒక షాపులో వాయిదాల మీద ఇస్తున్నారంటే ఇద్దరం పోయి దరఖాస్తు రాశాం. షాపువాళ్ళు మర్యాదగా కూర్చోబెట్టి, మా మనిషి మీ వీధికి వచ్చి విచారించి పోతాడని చెప్పారు. ఆ మాట వినగానే మా ఆయన ముఖం మాడింది.

విచారణ మనిషి సైకిలు మీద వచ్చాడు. ప్యాంటుకు క్లిప్పులు, చంకన తోలుసంచి. నేను కిటికీ సందులోంచి చూస్తున్నాను. అంగడి ముందు ఆగి ఏదో అడిగాడు. అంగడాయన తల పైకెత్తి, కొండవైపు చూపించి, రెండు చేతులూ తిప్పాడు. దారిన పోతున్న పాలామెను ఆయనే పిలిచి అడిగించాడు. ఆమె నోటితో చెప్పింది. నాకు వినపడిన మాటలు "గుండు", "రెండో పెండ్లాం", "సుడి". విచారణ మనిషి తోలుసంచి తెరవనే లేదు. సైకిలు అక్కడికక్కడే తిప్పుకుని వెళ్ళిపోయాడు. మా ఇంటి గడప దాకా కూడా రాలేదు.

ఆ సాయంత్రం అంగడాయన మా ఆయన్ని పక్కకు పిలిచి సలహా చెప్పాడట.

"సార్, నామాట ఇను. పాత బాకీ ఒకేసారి వద్దు. నెలకు ఐదు, నెలకు పది. మెల్లగా తీర్చేసేయ్. ఎవురూ ఏమీ అనరు. మడిసన్నాక జరుగుతుంటాయి."

నాకు నిజంగానే ఆశ పుట్టింది. ఎవడిదో బాకీ మేము కట్టేస్తే పోతుంది కదా, నీళ్ళపాలు తాగే బాధ తప్పుతుంది కదా అన్నాను.

"ఒక్క రూపాయి ఇస్తే ఆ మనిషిని నేనేనని సంతకం పెట్టినట్టు," అన్నాడు మా ఆయన. "నా బాకీ అయితే పస్తుండి కడతాను. నాది కానిది పైసా కట్టను." అని, కాసేపాగి, "నెల్లూరుకు బదిలీ అడుగుతాను," అన్నాడు.

"మొక్కుకోకండి మాత్రం," అన్నాను నేను.

ఇద్దరికీ నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత నవ్వాం. నవ్వాక నాకు కొంచెం బుర్ర పనిచేసింది. కాగితాలు చూపిస్తే నమ్మలేదు. రోజూ డబ్బిచ్చి కొంటే అందులో వాళ్ళు నమ్మాల్సింది ఏమీ లేదు. అప్పు తీసుకుని తీరిస్తేనే తీర్చేవాళ్ళమని తెలుస్తుంది. కానీ అప్పు ఇచ్చేవాళ్ళు లేరు. అయితే మనమే ఇద్దాం అనుకున్నాను.

తర్వాతి జీతం రోజు అంగడికి పోయి, అంగడాయన ముందు ఇరవై రూపాయలు పెట్టాను.

"ఇది మీ దగ్గర ఉంచండి. సరుకులు తీసుకున్నప్పుడల్లా ఇందులోంచి తగ్గించుకోండి."

ఆయన ఆ నోట్లను ముట్టుకోలేదు. "అందురూ నాకు ఎగ్గొట్టి పోతారు. నువ్వేందమ్మా నాకు దుడ్డు పెట్టిపోతాండావు?"

"మీ మీద నమ్మకం ఉంది," అన్నాను.

ఆ మాట ఆయనకు గుచ్చుకుందని నాకు తర్వాత తెలిసింది. ఆయన జీవితంలో ఒకరికి బాకీ ఉండటం అదే మొదలు. నేను వీధిలో కనపడితే చాలు, "ఇంగా పదకొండు రూపాయలుండాది తల్లీ, ఉప్పు తీసుకోరాదా? సబ్బు?" అని పిలిచేవాడు. భోజనం సయించలేదని వాళ్ళావిడ ఓనరమ్మతో చెప్పిందట. ఆ డబ్బు అయిపోయిన రోజు ఆయన ముఖం తేటపడింది. ఆ సంతోషంలో, రూపాయి ముప్పావలా సరుకు ఎక్కువైతే, "ఉండనీలేమ్మా, రేపియ్యి," అనేశాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

మర్నాడు ఆయన వచ్చి అంగడి తలుపు పలకలు తీసేసరికి నేను అరుగు ముందు నిలబడి ఉన్నాను, చేతిలో రూపాయి ముప్పావలాతో. ఏదో చెడ్డకబురు చెప్పడానికి వచ్చాననుకుని, "ఎవురికేమైందమ్మా?" అని అడిగాడు పాపం.

పాలామె దగ్గర ఇంకా చిన్నగా మొదలుపెట్టాను. ఒకరోజు మా ఇంట్లో తోడుకు పెరుగు లేదు. ఒక చెంచాడు పెరుగు అడిగాను. తోడు పెరుగు అడిగితే కాదనేవాళ్ళు లేరు కాబట్టి ఇచ్చింది. మర్నాడు అదే గిన్నెలో, అదే చెంచాతో కొలిచి, చెంచాడు పెరుగు తిరిగి ఇచ్చాను.

"ఏందమ్మా ఇది?"

"నిన్న తీసుకున్నాను కదా."

ఆమె గిన్నెలోకి చూసింది. నా ముఖంలోకి చూసింది. తోడు పెరుగు తిరిగిచ్చినవాళ్ళు మా జిల్లాలో అంతకుముందు ఎవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. ఆ మధ్యాహ్నానికి వీధంతా పాకింది. "వెనకింటామెకు తల కొంచెం సరిలేదు, తోడు పెరుగు వాపసిచ్చింది," అని. పిచ్చిదానినన్నా సరే, ఎగ్గొట్టేదాన్ని అనలేదు. అది నాకు లాభమే. తర్వాత వారం పాలామె, "సిల్లర లేకపోతే రేపియ్యిలేమ్మా," అంది. నేను రేపు ఇచ్చాను.

నాలుగైదు నెలలు అట్లా గడిచాయి. అంగడాయన నెల లెక్కకు ఒప్పుకున్నాడు. ఒకటో తేదీ కల్లా ఇవ్వాలని మాట. మొదటి మూడు నెలలు ఇచ్చాం. నాలుగో నెల మా ఆయన ఆఫీసులో ఏదో సంతకం పడలేదని ఎవరికీ జీతాలు రాలేదు. ఎప్పుడొస్తుందో తెలియదు.

మా ఆయన గాభరా పడ్డాడు. "రెండు రోజులు ఆ దారిన పోవద్దు. నేను వెనకసందులోంచి ఆఫీసుకు పోతాను," అన్నాడు. అంతటి నిజాయితీపరుడు ఒక్క రోజులో వెనకసందు వెతుక్కున్నాడు. ముందున్న మనిషి కూడా మొదట ఇట్లాగే మొదలుపెట్టి ఉంటాడని నాకు అప్పుడు అనిపించింది.

నేను ఆ దారిన పోయాను. ముప్పయ్యో తేదీనాడే పోయి, "రేపు ఇస్తామన్నాం. ఇవ్వలేం. జీతాలు రాలేదు. వచ్చిన పూట తెస్తాను. అందాకా కొత్త సరుకు అడగను," అని చెప్పాను.

అంగడాయన తక్కెడ దించాడు. తిడతాడనుకున్నాను.

"తల్లీ, నేను ఈ అరుగు మీద కూసోని పాతికేండ్లయింది. ఇయ్యలేనని సెప్పేదానికి వచ్చినోళ్ళు ఎవురూ లేరు. ఇయ్యలేనోళ్ళు రారమ్మా. దారి మార్చుకుంటారు." అని, డబ్బాలోంచి బెల్లం తీసి, పెద్ద ముక్క కొట్టి, పొట్లం కట్టి నా చేతిలో పెట్టాడు. "నువ్వు అడక్కపోతే నేనిస్తాను. తీసకపో."

ఇంటికి వచ్చి ఆ బెల్లంతో పాయసం చేశాను. జీతం తర్వాతి వారం వచ్చింది. మా ఆయన వెనకసందు మానేసి, నలుగురూ చూసేటట్టు ముందు సందులోంచి పోయి డబ్బు తానే ఇచ్చి వచ్చాడు.

ఆ ధైర్యంతో మిషను షాపుకు మళ్ళీ పోయాం. మళ్ళీ అదే సైకిలు, అదే తోలుసంచి. ఈసారి విచారణ మనిషి మా సందు పేరు వినగానే రానన్నాడట, షాపాయన బలవంతాన పంపాడు. నేను మళ్ళీ కిటికీ దగ్గర. ఈసారి పాలామె గొంతు ఎవరికైనా వినపడేంత గట్టిగా ఉంది.

"ముందర దొంగనాయాలే సార్, కాదనను! పాలు తాగి పారిపోయిన మనిషి. ఇప్పుడు మారిపోయినాడు. ఆ రెండో ఆమె వచ్చి మార్చింది. తోడు పెరుగు గూడా వాపసిస్తారు సార్! మిషను గాదు, ఇల్లు రాసియ్యి, ఎగ్గొట్టరు!"

"నేను గూడా రాసిస్తాను," అన్నాడు అంగడాయన. "మడిసి బాగుపడినాడు. మనము గూడా అవకాశం ఇయ్యాల."

పక్కనున్న మా ఆయన, "నేను బాగుపడటమేమిటి? నేనెప్పుడు చెడ్డాను?" అని తలుపు వైపు పోబోయాడు. నేను చొక్కా పట్టుకుని ఆపాను.

"మిషను వచ్చేదాకా ఓర్చుకోండి."

విచారణ మనిషి ఈసారి మా ఇంట్లోకి వచ్చాడు. కాఫీ తాగాడు. పోతూ పోతూ మా ఆయన భుజం తట్టి, "మంచిది సార్. అందరూ మీలాగా మారితే మాకు ఈ తిరుగుడు ఉండదు," అన్నాడు. మా ఆయన ఏమన్నాడో చెప్పను.

మిషను వచ్చింది. నల్లగా, బంగారురంగు పూలతో, కాలితో తొక్కేది. గదిలో సగం దానికే సరిపోయింది. ఓనరమ్మ జాకెట్లు, అంగడాయన భార్య జాకెట్లు, పక్క సందువాళ్ళవి. నగరి నుంచి చీరలు తెచ్చి అమ్మే ఒకామె లంగాలు కుట్టమని గుడ్డ ఇచ్చి పోయేది. వాయిదా తప్పకుండా కట్టేవాళ్ళం. మా ఆయన మాత్రం మారిన మనిషిగానే మిగిలిపోయాడు. వీధిలో పిల్లలు తప్పుచేస్తే, "వెనకింటాయన్ని సూడండి, ఎట్లుండేటోడు ఎట్లయినాడో," అని చెప్పేవాళ్ళు.

అసలు మనిషి ఎనభైల మొదట్లో వచ్చాడు.

పొద్దున పాలు పోసే వేళ. పాలామె మా గడప దగ్గర కూర్చుని నాతో ఏదో చెబుతోంది. మా ఆయన పెరట్లో స్నానానికి నీళ్ళు తోడుతున్నాడు. ఒక మనిషి చేతిసంచితో సందులోకి వచ్చి నిలబడ్డాడు. పొట్టిగా, లావుగా, నూనె రాసి పక్కకు దువ్విన ఒత్తైన జుట్టు. కళ్ళద్దాలున్నాయి. మా ఆయన ఆరడుగుల మనిషి, పుల్లలాగా ఉంటాడు.

"ఎవురు కావాలప్పా?" అంది పాలామె.

ఆయన చేతిసంచి కింద పెట్టాడు. "అక్కా... నేను."

"నేనంటే? పేరు లేదా నీకు?"

"ఈ ఇంట్లో ఉండేటోడ్ని. నీకు పాల బాకీ."

పాలామె ఆయన్ని చూసింది. లేచి పెరట్లోకి పోయి మా ఆయన్ని చూసింది. మళ్ళీ వచ్చి ఆయన్ని చూసింది. "వంగు," అంది. ఆయన వంగాడు. జుట్టు పక్కకు తీసి చూసింది. ముందరవైపు సుడి ఉంది.

"అయితే ఆయన?" అని నన్నడిగింది.

"మేము మొదటినుంచీ చెబుతూనే ఉన్నాం కదా."

"అంటే ఆయన ముందునుంచీ మంచోడేనా?" ఆమె గొంతులో సంతోషం లేదు. కొన్నేళ్లుగా ఊరంతా చెప్పుకున్న మంచి కథ పాడైపోయినట్టుంది. ఆ కోపమంతా వచ్చినాయన మీద చూపించింది. "నువ్వు ఇట్ల పొట్టిగుంటే నేనెట్ల గుర్తుపట్టేది?"

ఆయన గడప మీద కూర్చుని చెప్పుకొచ్చాడు. ఎవరికో హామీ సంతకం పెట్టి, వాడు కట్టకపోతే జీతంలో సగం పోయిందట. తలెత్తుకోలేక బదిలీ చేయించుకుని అనంతపురం వైపు పోయాడట. అక్కడ ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా కూతురి పుట్టెంట్రుకలు. కొండ మొక్కు. కొండకు పోవాలంటే తిరుపతి బస్టాండులో దిగాలి, స్టేషన్ దాటాలి. ఎవరైనా పట్టుకుంటారని ఏటికేడు వాయిదా వేశాడు. ఆ పిల్లకు ఇప్పుడు ఐదేళ్ళు. జుట్టు నడుము దాటింది.

"దువ్వేటప్పుడు దినామూ ఏడుస్తాదమ్మా," అన్నాడు. "మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది."

పాలామె మజ్జిగ పోసి ఇచ్చింది. ఆయన సంచిలోంచి డబ్బు తీశాడు. అందరికీ చాలదు. పాలామెకు సగం, అంగడికి సగం, ఓనరమ్మకు ఒక నెల అద్దె. మిగిలింది నెలనెలా మనియార్డరు చేస్తానన్నాడు. ఓనరమ్మ నమ్మలేదు, బాకీ తీరేదాకా వాళ్ళు వదిలిపోయిన రుబ్బురోలు ఇవ్వనంది. ఇప్పుడు రోట్లో ఎవరు రుబ్బుతారని నేనంటే, అది వేరే సంగతి అంది. మా ఆయన మధ్యలో దూరి, నోటితో చెప్పొద్దు, ఏ నెల ఎంతో ఇప్పుడే కాగితం మీద రాసిమ్మన్నాడు. మనియార్డర్లు వచ్చాయి. ఒక నెల రాలేదు. ఆ నెల పంపలేనని ముందే కార్డు రాశాడు. ఆ కార్డును అంగడాయన పదిమందికి చదివి వినిపించాడు.

ఏడాదికి బాకీలు తీరాయి. ఆ వేసవిలో పెళ్ళాన్నీ, పిల్లనూ తీసుకుని వచ్చి ఒకరాత్రి మా ఇంట్లోనే పడుకున్నారు. ఆమె నాకంటే చిన్నది. వీధిలోకి రావడానికి సిగ్గుపడింది. పాలామె లోపలికి వచ్చి, ఆమె గడ్డం పట్టుకుని, "వచ్చినావా, ముందరామె!" అనింది. ఆమెకు ఆ మాట అర్థం కాలేదు. నేను చెప్పలేదు.

పిల్లకు కొండకు వేసుకుపోవడానికి మంచి గౌను లేదు. లంగాల్లో మిగిలిన పచ్చగుడ్డ ముక్కలు అతికి కుట్టి ఇచ్చాను. తొందరలో ఒక చెయ్యి కొంచెం వంకర పోయింది. పిల్ల అద్దం ముందునుంచి కదల్లేదు.

"ఎంతియ్యాలమ్మా?" అని వాళ్ళ నాయన సంచి తీశాడు.

"ఏమీ వద్దండీ, ముక్కలే కదా," అన్నాను.

మా ఆయన నన్ను పక్కకు పిలిచాడు. "వద్దనకు. ఆయన ఇప్పుడే చేతిలో డబ్బుతో నిలబడటం నేర్చుకున్నాడు. రూపాయి తీసుకో."

తీసుకున్నాను. పిల్ల గుమ్మంలో నిలబడి, ఆ పెద్ద జడను రెండు చేతులా ముందుకు వేసుకుని, "అమ్మా, బస్సు ఎప్పుడు?" అని గొడవ చేస్తోంది. పొద్దున మొదటి బస్సుకు కొండెక్కారు.